సమకాలీన ఆఫ్రికా కళాప్రదర్శనలో వస్త్రం: పత్తిసీమ నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సమకాలీన ఆఫ్రికా కళాప్రదర్శనల్లో వస్త్రం తరచుగా కనిపించే మాధ్యమం. దానిని సంప్రదాయచిహ్నంగా మాత్రమే చూస్తే, దాని వెనుక ఉన్న వాణిజ్యచరిత్ర మరుగున పడుతుంది. ఆ చరిత్రలో తెలుగునేలకూ పాత్ర ఉంది. ‘ఆఫ్రికా రీమిక్స్’ ప్రదర్శనలో పాల్గొన్న ముగ్గురు కళాకారుల కృషి ఆధారంగా ఆ పాత్రను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఆఫ్రికా రీమిక్స్, వస్త్రం, పత్తి, నీలిమందు, గినీ బట్ట, మద్రాసు రుమాలు

ప్రదర్శన

‘ఆఫ్రికా రీమిక్స్’ 2004లో జర్మనీలోని డుసెల్‌డార్ఫ్‌లో ప్రారంభమై, లండన్, పారిస్, టోక్యో, స్టాక్‌హోమ్ నగరాల మీదుగా 2007లో జొహానెస్‌బర్గ్ చేరింది. ప్రధాన నిర్వాహకుడు సిమోన్ న్జామి. ఎనభైమందికి పైగా కళాకారుల రచనలను దేశాలవారీగా కాక, అస్తిత్వం-చరిత్ర, దేహం-ఆత్మ, నగరం-నేల అనే మూడు విభాగాలుగా అమర్చారు. ఒక ఖండమంతటినీ ఒకే పేరు కిందికి తేవడం సమంజసమా అనే ప్రశ్న ఇటువంటి ప్రదర్శనలన్నిటికీ ఎదురయ్యేదే. ఆ చర్చ విస్తృతమైనది. ఇక్కడి పరిశీలన వస్త్రానికే పరిమితం.

పత్తికొండ వంటి చోట నుంచి ఈ ప్రదర్శనను చూడటానికి ఒక కారణముంది. నేడు ఈ ఊరిపేరు టమాట ధరల వార్తల్లోనే ఎక్కువగా వినిపిస్తున్నా, పరిసరాల నల్లరేగడి నేలలు పత్తినేలలు. పొరుగున ఉన్న ఆదోని పెద్ద పత్తి మార్కెట్టు. దూదిగా అమ్ముడుపోయిన పంట బట్టగా తిరిగివచ్చే తీరు ఇక్కడివారికి కొత్త కాదు.

మూడు మాధ్యమాలు, మూడు వాణిజ్యాలు

యింకా షోనిబారే రచనల్లో విక్టోరియా యుగపు దుస్తులు, గృహోపకరణాలు ముదురు రంగుల ‘ఆఫ్రికా’ అద్దకపు బట్టతో కనిపిస్తాయి. ఆ బట్ట పుట్టుక మాత్రం ఆఫ్రికాలో కాదు. ఇండొనేషియా బాతిక్‌ను అనుకరించి డచ్చివారు యంత్రాలపై తయారుచేసి పశ్చిమాఫ్రికాలో అమ్మిన సరుకు అది. షోనిబారే దానిని లండన్‌లోని బ్రిక్స్‌టన్ సంతలో కొన్నాడు. అచ్చమైన ఆఫ్రికాను చూపమని అడిగేవారికి ఇంతకంటె సూటి సమాధానం ఉండదు.

ఘనాలో 1944లో జన్మించి, నైజీరియాలోని న్సుకాలో అధ్యాపకుడిగా పనిచేసిన ఎల్ అనత్సుయి మద్యం సీసాల మూతలను చదునుచేసి, రాగితీగతో కుట్టి, గోడకు వేలాడే మహావస్త్రాలను రూపొందించాడు. చూపరులకు ముందుగా స్ఫురించేది కెంటె నేత. ఆయన ఎన్నుకున్న మూతలకు వేరే చరిత్ర ఉంది. ఐరోపా వర్తకులు ఆఫ్రికాకు తెచ్చిన వస్తువుల్లో మద్యం ముఖ్యమైనది. దానిని మనుషులకు మారకంగా కూడా ఇచ్చారు.

అబ్దులాయె కొనాతె స్వదేశమైన మాలి ఆఫ్రికాలోని ప్రధాన పత్తిదేశాల్లో ఒకటి. ఆయన వేలకొలదీ గుడ్డపేలికలను వరుసలుగా కుట్టి విశాలమైన చిత్రాలను నిర్మిస్తాడు. దిగుమతి రంగుల ఖరీదు ఆయనను బట్టవైపు మళ్లించిన కారణాల్లో ఒకటి. విచిత్రమేమంటే, బమాకో అద్దకందార్లు గౌరవంగా చూసే ‘బజాన్’ బట్టలో మేలురకం ఆస్ట్రియా, జర్మనీల నుంచి వస్తుంది. అమెరికా తన పత్తిరైతులకిచ్చే రాయితీలు ప్రపంచధరను పడగొడుతున్నాయని మాలి, బెనిన్, బుర్కినా ఫాసో, చాద్ దేశాలు 2003లో కాంకూన్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్యసంస్థ సమావేశంలో నిలదీశాయి. ఆదోని యార్డులో పలికే ధర కూడా ప్రపంచధరతో ముడిపడినదే. కొనాతె చిత్రాలను ఈ వివాదానికి బొమ్మలుగా చూడరాదు. అయితే ఆయన మాధ్యమాన్ని దీని నుంచి విడదీయడమూ కష్టమే.

తెలుగునేల పాత్ర

అట్లాంటిక్ బానిసల వ్యాపారంలో మనుషులకు బదులుగా ఇచ్చిన సరుకుల్లో భారతీయ నూలుబట్టలది ప్రముఖస్థానం. కోరమండల్ తీరం నుంచి వెళ్లిన ఒక రకానికి ‘గినీ బట్ట’ అని పేరే స్థిరపడింది. నీలిమందులో ముంచిన పుదుచ్చేరి గినీ బట్ట పంతొమ్మిదవ శతాబ్దంలో సెనెగల్ నదీతీరపు జిగురువర్తకంలో నాణెంవలె చెలామణీ అయింది. ఆ కాలంలో కడప, కర్నూలు ప్రాంతాల్లో నీలిసాగు విస్తారం. కడప పేరు చెడి ‘కుర్పా’ అయి లండన్ నీలిమందు వర్తకంలో ఒక రకానికి పేరుగా నిలిచింది. ఈ చరిత్రను మన చేతిపనుల కీర్తిగా మాత్రమే చెప్పుకొనే అలవాటు మన పరిశోధనల్లో ఉంది. ఆ బట్టకు అవతలితీరంలో ఏమి వెల కట్టారన్నది కూడా అందులో భాగమే.

బానిసల వ్యాపారం ఆగిన తరువాత కూడా బట్ట ప్రయాణం ఆగలేదు. చీరాల ప్రాంతపు మగ్గాలపై నేసిన గళ్ల ‘మద్రాసు రుమాళ్లు’ నైజీరియాకు ఎగుమతి అయ్యాయి. నైజర్ నదీముఖంలోని కలబారీ ప్రజలు ఈ బట్టను ‘ఇంజిరి’ అంటారు. వారి స్త్రీలు బ్లేడుతో కొన్ని పోగులను మాత్రమే కోసి, లాగివేసి, పాతగళ్లలో కొత్త ఆకృతులను తేల్చుతారు. దానిని ‘పెలెతె బితె’, అనగా పోగు కోసిన బట్ట అంటారు. జోయాన్ ఐకర్, టోన్యె ఎరెకోసిమా ఈ ప్రక్రియను ‘సాంస్కృతిక ప్రామాణీకరణ’గా సిద్ధాంతీకరించారు: పరాయి వస్తువును ఎన్నుకొని, పేరుపెట్టి, తమ ఆచారాల్లో చేర్చుకొని, చివరకు దాని రూపాన్నే మార్చడం. అనత్సుయి మూతలతో, షోనిబారే అద్దకంతో చేసిన పనికి ఇది దగ్గరిచుట్టం. తేడా ఒక్కటే: దీనిని చేసిన స్త్రీల పేర్లు ప్రదర్శనల జాబితాకెక్కలేదు.

కలబారీ కుటుంబాలు ఈ బట్టలను పెట్టెల్లో తరతరాలుగా భద్రపరుస్తాయి. ఇంటిపెద్ద మరణించినప్పుడు వాటిని బయటికి తీసి, పార్థివదేహాన్ని ఉంచే మంచాన్నీ గదినీ వాటితో అలంకరిస్తారు.