మా వంటింటి బల్ల మీద ఓడ

ఊరగాయలూ, ఇడ్లీపాత్రలూ మాట్లాడుకునే చోట ఈ ఓడ గోలేమిటని విసుక్కోకండి. నేను కట్టింది మూరెడు ఓడే. ఫిల్మ్‌నగర్‌లో మా రెండు గదుల ఫ్లాట్‌లో, కూరలు తరుక్కునే బల్ల మీద, సన్నని చెక్క పట్టీలు ఒకదాని పక్కన ఒకటి అతికించి కట్టాను. ఒకసారి కట్టాను, పీకేశాను, మళ్ళీ కట్టాను. మీకు చెప్పాలనుకున్నది ఆ పీకేసిన సంగతే.

నిజానికి అది మా అబ్బాయిది. ఇంజనీరింగ్ మొదటి ఏడాది సెలవుల్లో పాకెట్ మనీ కూడబెట్టి తెప్పించుకున్నాడు. పెట్టెలో ప్లైవుడ్‌తో కోసిన ఓడ వెన్ను ఒకటి, దానికి అడ్డంగా గుచ్చే పక్కటెముకలు తొమ్మిది, అగరొత్తుల కట్టల్లాగా తెల్లచెక్క పట్టీలు. ఒక్కో పట్టీ వెడల్పు 5 మిల్లీమీటర్లు, మందం ఒకటిన్నర. వాడు వెన్నుకి పక్కటెముకలు గుచ్చి, సెలవులవగానే హాస్టలుకి చక్కా పోయాడు. ఎనిమిది నెలలు అటక మీదే ఉండిపోయింది. దసరాకి బూజులు దులుపుతూ కిందికి దించితే, చేప తినేశాక పళ్ళెంలో మిగిలిన ముల్లులా ఉంది. "పారేద్దామా?" అన్నారు మావారు. నాకు మనసొప్పలేదు.

ఎందుకంటే నేను పుట్టి పెరిగింది తాళ్ళరేవులో. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో ఉంటుంది. పక్కనే కోరంగి. ఇప్పుడు కోరంగి అంటే అందరికీ మడ అడవులూ, పడవ షికారూ గుర్తొస్తాయి గానీ, ఒకప్పుడు అది ఓడలు కట్టే పెద్ద రేవు. అక్కణ్ణించి మనవాళ్ళు రంగూన్‌కి ఎంతమంది వెళ్ళారంటే, బర్మాలో తెలుగువాళ్ళని ఆ ఊరి పేరుతోనే కోరంగీలు అనేవారు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన వచ్చి ఊరిని ముంచేసింది. రేవు మళ్ళీ తేరుకోలేదు. కానీ కొయ్య పడవలు కట్టే పని మాత్రం ఆ చుట్టుపక్కల పోలేదు.

మా నాన్న ఆ పడవల వడ్రంగి. కాలవ గట్టున సగం కట్టిన పడవలు పక్కటెముకలతో నిలబడి ఉంటే, వాటి కింద మేం దాగుడుమూతలు ఆడుకునేవాళ్ళం. మా అన్నయ్యలిద్దరికీ నాన్న పని నేర్పారు. నేను దగ్గరికి వెళితే మాత్రం "ఉలి ముట్టుకోకు, చెయ్యి తెగుద్ది. పో, అమ్మకి సాయం చెయ్యి" అనేవారు. కాకినాడలో ఇంటర్ పూర్తికాగానే పెళ్ళి. మావారికి సినిమాల్లో ప్రొడక్షన్ ఉద్యోగం కాబట్టి కృష్ణానగర్‌లో పదేళ్ళూ, ఆ తర్వాత ఫిల్మ్‌నగర్‌లోనూ కాపురం. సముద్రం ముఖం ఎరగని ఈ బండరాళ్ళ గుట్టల మీద నాకు పడవలు గుర్తొచ్చే సందర్భం లేకపోయింది, ఆ ముల్లు అటక దిగేదాకా.

సరే, మొదలుపెట్టాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రెండు గంటలు. ఫెవికాల్, గుండుసూదులు, బ్లేడు, గరుకు కాగితం. ఇంతే సామాను. పట్టీ తీసి పక్కటెముకల మీద ఆనించడం, జిగురు రాయడం, సూది గుచ్చడం. ఇంత సులువా అనుకున్నాను. ఒకవైపు పన్నెండు పట్టీలకి తొమ్మిది వేసేశాను. అప్పటికే ఓడ ముక్కు దగ్గర పట్టీలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, సరిగ్గా కుట్టని జాకెట్టు మెడలా లేచి నిలబడ్డాయి. పైన రంగు వేస్తే కనబడదులే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ వారమే నాన్న వచ్చారు, కంటి శుక్లం ఆపరేషన్‌కి. డెబ్భై ఆరేళ్ళు. ఆపరేషనై ఇంటికొచ్చి, ఒక కంటికి కట్టుతో సోఫాలో కూర్చున్నారు. రెండో కన్ను అంతంతమాత్రం. టీవీ చూడకూడదు, కిందికి వంగకూడదు. ఊసుపోక "ఏదో చెక్క వాసనొస్తోంది, ఏంటే అది?" అన్నారు. సిగ్గుపడుతూనే తెచ్చి చేతిలో పెట్టాను.

ఆయన చూడలేదు. వేళ్ళతో తడిమారు. ముక్కు నుంచి తోక దాకా ఒకసారి, మళ్ళీ వెనక్కి ఒకసారి. తర్వాత వెన్ను అంచుని బుగ్గకి ఆనించుకున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 

"ఒకవైపే వేసుకుంటూ పోయావా?" 

"ఆఁ." 

"వెన్ను వంకరపోయింది చూసుకో." 

కొళాయి గొట్టం పక్కన నిలువుగా పెట్టి చూద్దును కదా, నిజమే! అరటి దొన్నెలా ఒక పక్కకి ఒంపు తిరిగింది. నెల రోజుల పని. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన ఒదార్చలేదు. "తీసెయ్యి. పడవకి ఒక పక్క తప్పు జరిగితే రెండో పక్క సరిగ్గా వేసినా అది తిన్నగా పోదు" అన్నారు.

అలా పీకేశాను. ఇది మీకూ పనికొస్తుంది, బొమ్మలు అతికించేటప్పుడైనా. మామూలు తెల్ల ఫెవికాల్ అయితే, వేడినీళ్ళలో పిండిన గుడ్డ పావుగంట చుట్టి ఉంచితే మెత్తబడి ఊడొచ్చేస్తుంది. నీళ్ళకి తట్టుకునే రకం జిగురైతే మాత్రం రాదు. ఓడని నీళ్ళలో ముంచెయ్యకూడదు, ప్లైవుడ్ ఉబ్బిపోతుంది. మావారికి తెలిసిన సెట్ల కార్పెంటర్ ఒకాయన కాల్‌షీట్ ఇవ్వడానికి వస్తే వెన్ను సంగతి చెప్పాను. రెండు తిన్నని టేకు బద్దలూ, నాలుగు క్లాంపులూ తెచ్చి, వెన్ను అడుగుభాగాన్ని వాటి మధ్య బిగించి ఇచ్చాడు. ఇన్నేళ్ళలో రాజుల కోటలూ, పల్లెటూరి ఇళ్ళూ ఎన్ని కట్టాడో ఆయనకే తెలీదు. "మాదంతా ముందువైపేనమ్మా. కెమెరా చూసేంత మేర బాగుంటే చాలు, వెనకాల అంతా బద్దలే. దీనికి అలా కుదరదు, రెండు పక్కలా ఉండాల" అని నవ్వాడు.

ఇక రెండోసారి. నాన్న సోఫాలో కూర్చుని చెప్పడం, నేను చెయ్యడం. 

మొట్టమొదట పట్టీల జోలికే పోనివ్వలేదు. పక్కటెముకల అంచులు అరగదియ్యమన్నారు. ఓడ మధ్యలో వెడల్పుగా ఉండి ముక్కు దగ్గర సన్నబడుతుంది కదా, కాబట్టి ముందున్న ఎముకల అంచు ఏటవాలుగా ఉంటేనే పట్టీ దాని మీద పూర్తిగా ఆనుతుంది. లేకపోతే ఒక్క మొన మీదే ఆనుతుంది, జిగురు పట్టదు. చెక్కకి గరుకు కాగితం చుట్టి, రెండు మూడు ఎముకల మీదుగా ఒకేసారి రుద్దుతూ, మధ్యమధ్య ఒక పట్టీని ఊరికే ఆనించి సందు కనిపిస్తుందేమో చూసుకోవాలి. ఇది రెండు రోజులు పట్టింది. మొదటిసారి నేను ఈ పనే చెయ్యలేదు!

తర్వాత కొలతలు. ఇదే అసలు కిటుకు. గుమ్మడికాయ మీద చారలు చూశారా? నడిమి భాగంలో వెడల్పు, తొడిమ దగ్గరికొచ్చేసరికి సన్నం. చారల లెక్క మాత్రం రెండు చోట్లా ఒకటే. ఓడకీ అంతే. మావారి పాత కాల్‌షీట్లు సన్నగా కత్తిరించి, ఒక్కో ఎముక చుట్టూ పైఅంచు నుంచి వెన్ను దాకా చుట్టి గుర్తు పెట్టాను. నడుమ 60 మిల్లీమీటర్లు వచ్చింది. పన్నెండు పట్టీలకి పంచితే ఒక్కోటి 5, పట్టీ ఉన్నది ఉన్నట్టే సరిపోతుంది. ముక్కు దగ్గర 39 మాత్రమే. అంటే అక్కడ ఒక్కో పట్టీ మూడుంపావుకి సన్నబడాలి. నేను మొదటిసారి 39లో 60 కూరాలని చూశాను, అందుకే ఎక్కి కూర్చున్నాయి.

"వంచి సర్దితే సరిపోదా నాన్నా?" అంటే, ఆయనకంటే ముందు నా కుట్టుమిషనే జవాబు చెప్పింది. గుండ్రటి మెడకి నిలువు గుడ్డ పట్టీ వేస్తే ముడతలు రావూ? అందుకే క్రాస్ పట్టీ వేస్తాం. చెక్కకి క్రాస్ లేదు. పట్టీ బల్లపరుపు వైపు ఎంతైనా వంగుతుంది గానీ, అంచు మీదుగా వంచబోతే లేస్తుంది, లేకపోతే విరుగుతుంది. కాబట్టి అంచు కోసి సన్నం చేసుకోవాల్సిందే. బ్లేడుతో కొంచెం ఎక్కువ ఉంచి కోసి, మిగిలింది గరుకు కాగితం మీద లాగితే కొలతకి వస్తుంది. పట్టీ అసలు వెడల్పులో సగానికి తగ్గించకూడదట. అంతకంటే సన్నబడాల్సి వస్తే అక్కడ రెండు పట్టీలు ఆపి ఒకటే కొనసాగించాలి.

వెనక భాగం దీనికి తిరగబడింది. అక్కడ 66 వచ్చింది. పన్నెండు పట్టీలూ పూర్తి వెడల్పుతో వేసినా 6 మిగిలిపోతుంది. "అమరం దగ్గర చీలిక పలక వెయ్యాలి" అన్నారు నాన్న. అమరం అంటే ఓడ వెనక భాగం, ముందు కొమ్ముని అణియం అంటారు. చిన్నప్పుడు విన్న మాటలు, పాతికేళ్ళు దాటాక మళ్ళీ చెవిన పడ్డాయి. చీలిక పలక అంటే ఏమీ లేదు, లంగా కింద ఘేర రావడానికి మధ్యలో కలీ ముక్క వెయ్యమూ? అదే. ఒక కొస వెడల్పు, ఒక కొస సూదిమొన.

వంచడానికి పట్టీని అరగంట గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పాత ఇస్త్రీపెట్టె నిలబెట్టి, వేడి అంచుకి ఆనిస్తూ కొద్దికొద్దిగా వంచాను. ఆవిరి బుస్సుమని వస్తుంది, వేళ్ళు జాగ్రత్త. తొందరపడితే టప్పుమంటుంది. నావి నాలుగు విరిగాయి. తడిది అలాగే అతికించెయ్యకూడదు, ఆరాక కుంచించుకుపోయి సందులొస్తాయి. సూదులతో ఆ వంపులోనే బిగించి రాత్రంతా ఉంచి, పొద్దున్న జిగురు పెట్టాలి. 

వేసేది ఎప్పుడూ జతగా. ఎడమవైపు ఒకటి వేస్తే వెంటనే కుడివైపు దాని జోడు. అప్పుడు ఒకదాని లాగుడు ఇంకొకటి సరిచేస్తుంది, వెన్ను వంకరపోదు. పైఅంచు నుంచి కిందికి నాలుగు జతలు, ఆ తర్వాత వెన్నుని ఆనుకుని పైకి కొన్ని, ఆఖరి పట్టీ పొట్ట దగ్గర పడుతుంది. దానికి లెక్కలు పనికిరావు, మిగిలిన సందు మీద కాగితం పెట్టి ఆకారం తీసి కోయాలి. బయటి దేశాల్లో నిజం ఓడకి ఆఖరి పలక కొట్టిన రోజు పనివాళ్ళంతా విందు చేసుకుంటారట. మా ఇంట్లో సేమ్యా పాయసం చేశాను.

ఈ పనిలో ఉండగా నాన్న చాలా చెప్పారు. పక్కటెముకలకి తుమ్మ వాడతారట, అదీ పుట్టుకతోనే ఒంపు తిరిగిన కొమ్మ వెతికి. అసలు పడవకి పలకల మధ్య సందుల్లో దూది కూరి గుగ్గిలం, నూనె పూస్తారు. నీళ్ళలో పడ్డాక చెక్క ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. నేను ఆయనకి కౌండిన్య సంగతి చదివి వినిపించాను. అజంతా గుహల్లో బొమ్మ చూసి, కేరళకి చెందిన బాబు శంకరన్ అనే ఓడల మేస్త్రీ, తన మనుషులతో గోవాలో కట్టిన ఓడ. మేకుల్లేకుండా, పలకల్ని కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేశారు! 2025 ఫిబ్రవరిలో నీళ్ళలోకి దించారు, మే 21న కార్వార్‌లో మన నౌకాదళంలో చేర్చుకున్నారు. ఆ పాత పద్ధతిలో ముందు పలకలు కుట్టుకుంటూ పోయి, తర్వాత లోపల పక్కటెముకలు పెడతారు. మనది దానికి పూర్తిగా తలకిందులు. నాన్న చాలాసేపు ఆలోచించి, "మరి ఎముకలు లేకుండా ఒంపు ఎలా నిలబెట్టారే?" అని నన్నే అడిగారు. నాన్న నన్ను పని గురించి ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

చివరికి సన్నటి సందులు కొన్ని మిగిలాయి. కొండపల్లి బొమ్మలవాళ్ళు చింతపిక్కల పిండీ, రంపపు పొట్టూ కలిపి మక్కు చేసి అతుకులు పూడుస్తారు. నేను గరుకు కాగితం పొడిని ఫెవికాల్‌తో ముద్ద చేసి పూశాను. ఆరాక ముందు 120 నంబరు, తర్వాత 220 కాగితంతో రుద్దాను. ఒక్క మాట, ఫెవికాల్ అంటిన చోట తర్వాత పాలిష్ పట్టదు, తెల్లమచ్చలు తేలతాయి. తడిగుడ్డతో అప్పటికప్పుడు తుడుచుకోవాలి. నా ఓడకి ఎడమవైపు ముక్కు దగ్గర అలాంటి మచ్చలు మూడున్నాయి. వచ్చినవాళ్ళకి కుడివైపు చూపిస్తున్నాను.

పక్కింటి వదిన "ఇన్నాళ్ళ కష్టంతో నాలుగు జాకెట్లు కుట్టినా డబ్బులొచ్చేవి" అంది. కాదనలేను. కానీ ఆవిడే మూడుసార్లు వచ్చి దాని పొట్ట నిమిరి వెళ్ళింది.

నాన్న కట్టు విప్పించుకుని ఊరికి వెళ్ళే రోజున కొత్త కంటితో ఓడని చూశారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి అడ్డంపెట్టి, ఒక కన్ను మూసుకుని వెన్ను వెంట చూశారు. "ఊఁ" అన్నారు. ఇంకేమీ అనలేదు. మా అన్నయ్యలని కూడా ఆయన అంతకుమించి మెచ్చుకోగా నేను వినలేదు.

పోయిన నెలలో మా పెద్దన్నయ్య కొడుకు కాకినాడ కాజాలతో పాటు ఒక తువ్వాలు మూట తెచ్చాడు. విప్పితే నాన్న చిన్న చిత్రిక. పిడి నల్లబడి, బొటనవేలు ఆనే చోట గుంట పడి ఉంది. చిన్నప్పుడు నన్ను ముట్టుకోనివ్వనిది అదే. 5 మిల్లీమీటర్ల పట్టీలకి అది మరీ పెద్దది, వాటికి బ్లేడే గతి. ఓడ నిలబెట్టే స్టాండుకి మాత్రం, ఆ కార్పెంటర్ వదిలేసిన టేకు బద్దని దానితోనే చిత్రిక పట్టాను. చెయ్యి తెగలేదు.