చేతి ఎముకకు తుంటి ముక్క ఎందుకు?

ఎముక విరిగితే కట్టు వేస్తే అదే అతుక్కుంటుంది కదా, మరి కొందరికి తుంటి దగ్గర కోసి ముక్క ఎందుకు తీస్తారు? ఎముక నుజ్జయినా, గడ్డ వస్తే డాక్టర్లు దాన్ని గోకి తీసేసినా అక్కడ ఖాళీ మిగులుతుంది. చిన్న పగులునైతే ఒళ్లే పూడ్చుకుంటుంది. పెద్ద ఖాళీని పూడ్చడం దానివల్ల కాదు, అందుకే తుంటి ముక్క తెచ్చి అక్కడ పెడతారు.

నడుం మీద చేతులు ఆనించి నిలబడండి. వేళ్లకు గట్టిగా తగిలే అంచు ఉందే, ముక్క తీసేది అక్కడే. పైపెంకు కింద స్పాంజిలాంటి ఎముక దండిగా ఉంటుంది. కొన్నాళ్లు నొప్పి తప్పదు గానీ, సొంత ఎముక కనుక ఒళ్లు దాన్ని పరాయిదని తిప్పికొట్టదు.

అసలు విచిత్రం ఆ తర్వాతే. ముక్క సందుల్లోకి సన్నటి రక్తనాళాలు పాకుతాయి. ఒక రకం కణాలు పాత ఎముకను కరిగిస్తుంటే, వెనకే ఇంకో రకం కణాలు కొత్తది కడుతూ పోతాయి. నెలలు గడిచేసరికి తెచ్చిపెట్టిన ముక్క చాలావరకు మాయం, దాని చోట కొత్త ఎముక! ఖనిజాలు తీసేసిన ఎముకను జంతువుల కండరంలో పెడితే అక్కడా కొత్త ఎముక పుడుతుందని అమెరికా సర్జన్ మార్షల్ యూరిస్ట్ 1965లో చూపించాడు. ఎముకలోని కొన్ని ప్రొటీన్లే ఆ పని చేయిస్తాయి.

పొగ తాగేవాళ్లలో ఈ అతుకు ఆలస్యమవుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే సిగరెట్ మానేయమంటారు డాక్టర్లు.