మీకు తెలుసా? తూటా చిన్నదే... వింతలు పెద్దవి!

జేబులో రూపాయి నాణెం ఉందా? ఓసారి అరచేతిలో పెట్టుకోండి. .22 రైఫిల్ తూటాలోంచి దూసుకెళ్ళే సీసపు గుండు అంతకన్నా తేలిక! బరువు 2.6 గ్రాములే! ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యే తూటా ఇదేనండీ!

ఇంత బుల్లి గుండు ఎంత దూరం పోతుందనుకుంటున్నారు? వంద గజాలా? రెండు వందలా? ఆగండి! తూటాల పెట్టె మీదే హెచ్చరిక అచ్చేస్తారు. ఒకటిన్నర మైలు లోపు ప్రమాదం అని! అంటే 2.4 కిలోమీటర్లు! మన కోనసీమ ఓడలరేవు ఇసుకలో నిలబడి పేలిస్తే, సముద్రంలో వల లాగుతున్న పడవకీ ముప్పే!

నీళ్ళలో పడితే మునిగిపోతుందిలే అంటారా? అస్సలు కాదు! గుండ్రటి సీసపు గుండు నీటిని 5 డిగ్రీల లోపు వాలుగా తాకిందా, ఎగిరి మళ్ళీ పైకి లేస్తుంది! అందుకే నీటి మీదకు కాల్చవద్దని తుపాకీ నేర్పేవాళ్ళు ముందే గట్టిగా చెబుతారు. వైనతేయ నది మొగలో చెప్పాల్సిన మాటే ఇది!

ఇంకో గమ్మత్తు! గుండు శబ్దం కన్నా వేగంగా పోతే గాలిలో ఫట్‌మని చప్పుడవుతుంది. శబ్దవేగమేమో గాలి వేడిని బట్టి మారుతుంది! సెకనుకు 340 మీటర్ల వేగంతో పోయే గుండు, మంచు కురిసే కశ్మీర్లో ఫట్‌మంటుంది. ఓడలరేవు ఉక్కలో ఆ చప్పుడే ఉండదు! తూటా అదే, తుపాకీ అదే. వేడిగాలిలో శబ్దమే గుండును దాటేస్తుంది!

గుండు తిన్నగా పోవడానికి కారణం ఏంటో తెలుసా? బొంగరం తిరిగినట్టు తిరగడం! రైఫిల్ గొట్టం లోపలి మెలికల గాడులు దాన్ని తిప్పి వదులుతాయి. .223 తూటా గుండు తిరిగే వేగం నిమిషానికి సుమారు 1,90,000 చుట్లు! నమ్మబుద్ధి కావట్లేదు కదూ! లెక్క మాత్రం ముమ్మాటికీ నిజం!

.22 తూటా, .223 తూటా. రెండిటి గుండ్ల వెడల్పు దాదాపు ఒక్కటే! కొలబద్ద పెట్టినా తేడా కనబడదు. మరి దెబ్బ? .223 గొట్టం దాటేటప్పుడు దాని శక్తి దాదాపు 9 రెట్లు! వెనకున్న ఇత్తడి తొడుగులో మందు ఎక్కువ, వేగం ఎక్కువ. వెడల్పు చూసి తూటాను అంచనా వేశారో, మోసపోయినట్టే!

తూటా బరువును గ్రాముల్లో చెప్పరండీ! గ్రెయిన్లలో చెబుతారు. ఒక పౌనుకు ఎన్ని గ్రెయిన్లు? అక్షరాలా 7,000! కొత్తవాళ్ళు 40 గ్రెయిన్ల గుండు అనగానే ఎంత పెద్దదో అని బెదిరిపోతారు. తీరా చూస్తే ఇందాక చెప్పిన మన బుల్లి గుండే అది!

12 బోర్ తుపాకీ పేరు విన్నారుగా! ఆ పన్నెండు ఏమిటి? అంగుళాలా? మిల్లీమీటర్లా? రెండూ కావు! ఒక పౌను సీసంతో సమానంగా 12 గుండ్లు పోస్తే, అందులో ఒక్కో గుండు పట్టేంత గొట్టం అన్నమాట! అంటే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది! 20 బోర్ కన్నా 12 బోరే లావు! తిరకాసు లెక్క కదూ!

కుందేలుకు ఒక తూటా, జింకకు ఒక తూటా కావాలంటే రెండు తుపాకులు కొనాలా? అక్కర్లేదు! వేటకు అనుమతి ఉన్న దేశాల్లో 1955లో వచ్చిన .243 తూటా ఉంది. తేలిక గుండు పెడితే నక్కలాంటి చిన్న జంతువులకు, బరువు గుండు పెడితే జింకలకు! తుపాకీ ఒకటే, మారేది గుండు!

ఏ జంతువుకు ఏ తూటా అన్నది వేటగాడి ఇష్టం అనుకుంటున్నారా? ఇంగ్లండులో అలా కుదరదు! చట్టమే కొలతలు రాసిపెట్టింది! పెద్ద జింకల మీద .240 అంగుళాల కన్నా సన్న రైఫిల్ ఎత్తితే నేరం! ఎందుకు? చిన్న తూటా తగిలిన జింక ఒక్కసారిగా చావదు. గాయంతో పారిపోయి, పొదల్లో కుమిలి కుమిలి చస్తుంది. ఆ నరకం తప్పించడానికే ఈ అంకె!

ఇది వింటే నోరు తెరుస్తారు! శరీరంలో దిగగానే పువ్వులా విచ్చుకునే గుండ్లు ఉంటాయి. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో తయారై, ఆ ఊరి పేరుతోనే లోకమంతా పాకాయి. మరీ క్రూరమని 1899లో హేగ్ నగరంలో దేశాలు కూడి, యుద్ధంలో వాడకూడదని తీర్మానించాయి!

మరి వేటలో? సరిగ్గా తలకిందులు! ఇంగ్లండులో జింక మీద విచ్చుకునే గుండే వాడాలి! 1991 నాటి జింకల చట్టం మాట అది! మనిషి మీద నిషేధం, మృగం మీద తప్పనిసరి! తగిలిన క్షణంలోనే ప్రాణం పోవాలి, బాధ మిగలకూడదు. అదీ అసలు సంగతి!

ఆఫ్రికాలో చాలా చోట్ల ఏనుగు, అడవి దున్నలకు .375కు తగ్గిన తూటా పనికిరాదు. నియమం అంటే నియమమే! ఆ తూటా పుట్టింది 1912లో! అంటే వందేళ్ళు దాటింది! అయినా ఇప్పటికీ ఆ పీట దానిదే. ఇన్ని కొత్త తూటాలు వచ్చాయి, దాన్ని కదపలేకపోయాయి!

జిమ్ కార్బెట్ పేరు తెలియనివారు ఉండరు. చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క! దాన్ని మట్టుబెట్టినందుకు ఆయనకు కానుకగా దక్కిన రైఫిల్ ఏదో తెలుసా? పెద్ద ఫిరంగిలాంటిది కాదు! తేలికపాటి .275 రిగ్బీ! దానితోనే తర్వాత కొండలెక్కి పులుల వెంట తిరిగారు!

అదే కొలత తూటాతో ఆఫ్రికాలో బెల్ అనే వేటగాడు ఏనుగులనే కూల్చాడు! ఏనుగు తల ఎముకను రంపంతో కోయించి, మెదడు ఎక్కడుందో చదువుకున్నాడట! జీవితకాలంలో అతను చంపిన ఏనుగులు 1,011! ఎక్కువ భాగం ఈ సన్న తూటాతోనే! గురి చూసి అబ్బురపడాలో, అన్ని ప్రాణాలు పోయినందుకు ఏడవాలో తెలియదు!

కెనడా అడవిలో బెల్లా ట్విన్ అనే ఆదివాసీ మహిళకు భారీ గ్రిజ్లీ ఎలుగు ఎదురైంది. చేతిలో ఉన్నది .22 తుపాకీ మాత్రమే! పిట్టల్ని కొట్టేది! గురి పెట్టింది, కూల్చేసింది! 1953లో ఆ ఎలుగు పుర్రె ప్రపంచ రికార్డు! అదృష్టం తోడుంది గనుక బతికింది. ఎవరూ చేయకూడని సాహసం అది!

మన తిరుపతి వైపు కొండలకు వద్దాం! చామల లోయలో నరభక్షక పులి వెంట పడిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్. ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్! దాని గుండు బరువు 300 గ్రెయిన్లు! మన .22 గుండ్లు ఏడున్నర కలిపితే దానికి సరి! ఎదురుగా పులి ఉన్నప్పుడు తేలిక తూటా మాట ఎవరు ఎత్తుతారు చెప్పండి!

వేట తూటాల కొలతల్ని మార్చింది జంతువులు కాదు, తెల్లదొరల భయం! .450 తూటాలు తిరుగుబాటుదారుల చేతికి పోతాయని బెదిరి, ఇండియాలో వాటినే నిషేధించారు! వెంటనే తుపాకీ కంపెనీలు కాస్త పెంచి .470 తెచ్చాయి! దొరల భయంతో పుట్టిన ఆ తూటా ఇవాళ ఆఫ్రికా ఏనుగుల వేటలో పేరున్న తూటా!

ఆ భయం తర్వాత నిజమే అయిందండోయ్! 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా పడ్డారు. 26 తుపాకులు ఎత్తుకెళ్ళారు! వాటితోపాటు తూటాలూ మోసుకెళ్ళారు! తూటా లేని తుపాకీ ఉత్త కట్టె అని ఆయనకు బాగా తెలుసు!

ఓడలరేవు వాళ్ళకు ఉప్పుగాలి సంగతి ఒకరు చెప్పాలా? మేకు కూడా తుప్పు పట్టాల్సిందే! వింతేంటంటే, పాతకాలపు .303 తూటా పేలగానే గొట్టం లోపల ఒకరకం ఉప్పు మిగిలేది! అది తేమను పీల్చి గొట్టాన్ని తినేసేది. విరుగుడు ఏమిటో తెలుసా? సిపాయిలు గొట్టంలో మరిగే నీళ్ళు పోసేవారు! అంతే, ఉప్పు కరిగిపోయేది!

విజయనగరం మహారాజకుమార్ విజ్జీ తెలుసుగా? భారత క్రికెట్ కెప్టెన్! ఆయన మరో లెక్క కూడా చెప్పుకునేవారు. తాను కొట్టిన పులులు 300కు పైగా అని! ఒక్క మనిషి! అన్ని పులులు! ఊహకే అందదు!

ఇప్పుడు గుండె దిటవు చేసుకోండి! 2022 జాతీయ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి తేలిన పులులు ఎన్ని? 63! దేశంలోనే అతి పెద్ద పులుల అభయారణ్యం నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి మనదే. అయినా అన్నే! ఒక్కో పులీ ఎంత విలువైనదో ఇక వేరే చెప్పాలా!

ఓడలరేవులో వేట అంటే సముద్రం మీదికే! చేపలు గుడ్లు పెట్టే కాలమని దానికీ ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సెలవు. మరి అడవి జంతువుల వేటకు సెలవు ఎన్నాళ్ళు? ఏడాది పొడవునా! 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది మరి! లైసెన్సు తుపాకీ ఉన్నా సరే, జంతువు మీదికి ఎత్తడానికి వీల్లేదు!

చిన్న ఎయిర్‌గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి కొంగను కొట్టొచ్చు అంటారా? అమ్మో! చట్టానికి తూటా సైజుతో పనే లేదు! సాధారణ వన్యప్రాణి నేరాలకే జరిమానాను 25 వేల నుంచి ఏకంగా 1,00,000 రూపాయల దాకా పెంచేశారు! జైలు దానికి అదనం! కోనసీమ చేలల్లో కొంగలు వాలేచోట ఈ మాట అందరికీ చెప్పండి!

మడ అడవుల్లో ఈది చేపలు పట్టే పిల్లి ఉందని తెలుసా? అదే నీటిపిల్లి! మన పొరుగునే కోరింగ అభయారణ్యంలో తిరుగుతుంది! పులికి ఏ రక్షణో దీనికీ అదే! చంపితే 7 ఏళ్ళ దాకా జైలు! పిల్లే కదా అనుకుంటే చిక్కుల్లో పడ్డట్టే!

పంట నాశనం చేస్తున్నాయని బీహార్లో మనుబోతుల్ని కొట్టాల్సి వచ్చింది. షూటర్లను ఎక్కడినుంచి పిలిపించారో తెలుసా? మన హైదరాబాద్ నుంచి! 2016లో మొకామా ప్రాంతంలో 200కు పైగా మనుబోతుల్ని కాల్చారు! అదీ కేంద్రం ప్రత్యేకంగా అనుమతించాకే! రైతు కన్నీళ్ళూ నిజమే, మూగజీవాల చావూ నిజమే!

తూటా జంతువులో దిగాక కూడా చంపడం ఆపదు! ఇదెలా అంటారా? కళేబరంలో మిగిలిన సీసం ముక్కలు తిని రాబందులు విషమెక్కి చస్తాయి! అమెరికాలో కాండర్ అనే రాబందు జాతి 1982లో 22కి పడిపోయింది! ఆ చావుల్లో సీసానిదీ పెద్ద పాపమే. అందుకే కాలిఫోర్నియాలో వేటకు సీసపు తూటాలే వద్దన్నారు! రాగి గుండ్లు వాడుతున్నారు!

అరుణాచల్ ప్రదేశ్‌లో ఊరివాళ్ళు ఏం చేశారో వినండి! పిట్టల్ని కొట్టం అంటూ ఎయిర్‌గన్లు తెచ్చి సర్కారుకు ఇచ్చేశారు! ఒకటా రెండా? 2,000కు పైగా! బలవంతం లేదు, కేసు లేదు. వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి!

ప్రాణం తీయని తూటా కూడా ఉంది! మత్తు సూది తుపాకీ! దాన్ని కనిపెట్టింది న్యూజిలాండ్‌కు చెందిన కొలిన్ మర్డాక్. ఇక్కడా జంతువు బరువును బట్టే లెక్క! ఒక పేరున్న మత్తు మిశ్రమంలో మిల్లీలీటరుకు 125 మిల్లీగ్రాముల జైలజిన్ ఉంటుంది, కెటామిన్ తోడుగా! ఊళ్ళోకి వచ్చిన చిరుతను అడవికి చేర్చేది ఈ తూటానే!

చివరి మాట, దగ్గరికి రండి! మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన ఆటలో, పది మార్కుల చుక్క ఎంత ఉంటుంది? 0.5 మిల్లీమీటరు! పది మీటర్ల దూరం నుంచి దాన్ని కొట్టాలి! పులిని కొట్టడం కన్నా కష్టం అది! మీ ఇంట్లో తుపాకీ మోజున్న పిల్లలు ఉన్నారా? షూటింగ్ రేంజికి తీసుకెళ్ళండి! గురి అక్కడ చూపించమనండి, పతకం మన ఊరికి తెమ్మనండి!