డెల్టా గట్లపై ఎత్తైన ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుతో చిన్న ట్రక్కు లాగడం: కొక్కెం ఎత్తు, బరువు, బ్రేకు

కృష్ణా డెల్టా దిగువ భాగమైన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో ముమ్మరంగా సాగుతాయి. ఇక్కడి నేలలు అధిక శాతం బంకమన్ను గల నల్లరేగడులు. కోతకు రెండు మూడు రోజుల ముందే నిలిచి ఉన్న పైరులో మినుము లేదా పెసర విత్తనం చల్లడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. అందువల్ల కోతనాటికి పొలంలో తేమ ఉండి తీరాలి. రైతు కోరుకునే ఆ తేమే ధాన్యం తరలింపునకు ఆటంకమవుతుంది. పొలం నుండి రోడ్డు చేరేలోపు ట్రక్కు ఒకటి రెండు పంట బోదెలు దాటి, కాలువ గట్టు ఎక్కి, డొంక వెంట సాగి, మళ్ళీ గట్టు దిగవలసి ఉంటుంది. తుపాను హెచ్చరిక వెలువడితే ఈ పనంతా ఒకటి రెండు రోజుల్లో ముగించాలన్న ఒత్తిడి కూడా తోడవుతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది సరిగ్గా ఈ కోతల కాలంలోనే.

ఈ పరిస్థితులలో రైతులు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ల వైపు మొగ్గు చూపడం సహజం. రెండు చక్రాల చోదనంతో కూరుకుపోయే చోట నాలుగు చక్రాల చోదనం బండిని బయటకు లాగుతుంది. అయితే ఒక విషయాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు స్పష్టంగా గ్రహించవలసి ఉన్నది. ఫోర్ వీల్ డ్రైవ్ లాగే శక్తిని పెంచినంతగా ఆపే శక్తిని పెంచదు. పైగా బురద తగలకుండా ట్రాక్టరును, కొక్కేన్ని పైకి లేపినకొద్దీ ముందు చక్రాల మీది బరువు తరుగుతూ పోతుంది. ఈ రెండు అంశాలను అంకెలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎత్తు ఎలా పెరుగుతుంది?

ట్రాక్టరు ఎత్తు మూడు విధాలుగా పెరుగుతుంది. మొదటిది, తయారీదారు అమర్చిన టైర్ల స్థానంలో పెద్ద టైర్లు వేయడం. రెండవది, ట్రక్కు కొక్కేన్ని కింది డ్రాబారుకు కాక పైన ఉండే బ్రాకెట్టుకు తగిలించడం. మూడవది, దుక్కి పనిముట్లకు ఉద్దేశించిన మూడు బిందువుల లింకేజికి అడ్డకమ్మీ బిగించి, హైడ్రాలిక్ లివరుతో దానిని పైకి లేపి ట్రక్కు లాగడం. మూడింటిలో ఇదే అత్యంత ప్రమాదకరం. ఎందుకంటే ప్రయాణంలో లివరు కదిలితే కొక్కెం ఎత్తు కూడా మారిపోతుంది.

రొయ్యల చెరువులకు మేత, ఇంజన్లు చేరవేసే ఎత్తు పెంచిన జీపులకు, పికప్ వాహనాలకు కూడా ఈ సూత్రాలే వర్తిస్తాయి. వాహనం ఎత్తు పెరిగినప్పుడు కొక్కేన్ని అంతే కిందికి దించే అమరిక లేకుండా చిన్న ట్రక్కును తగిలించరాదు.

ముందు చక్రాల లెక్క

ట్రాక్టరును ఒక త్రాసుగా భావించండి. వెనుక చక్రం నేలను తాకే చోటు దాని ఆనిక. ముందు ఇరుసు మీది బరువు ఒక వైపు, ట్రక్కు లాగుడు మరొక వైపు పనిచేస్తాయి. లెక్క సులభంగా ఉండేందుకు ఒక ఉదాహరణ తీసుకుందాం.

ట్రాక్టరు బరువు 2,000 కిలోలు. ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు. ఫోర్ వీల్ డ్రైవ్ కావడం వల్ల ముందు ఇరుసుపై 40 శాతం, అంటే 800 కిలోలు. రెండు చక్రాల ట్రక్కు ఖాళీ బరువు 1,000 కిలోలు. అందులో 75 కిలోల బస్తాలు 40. మొత్తం 4,000 కిలోలు. అందులో పదో వంతు, అంటే 400 కిలోలు, కొక్కెం మీద వాలుతుంది. కొక్కెం వెనుక ఇరుసుకు 0.7 మీటరు వెనుక ఉన్నది. గట్టు ఎక్కే వాలు 8 మీటర్లకు 1 మీటరు. మెత్తని నేలలో ట్రక్కు చక్రాల దొర్లుడు నిరోధం దాని బరువులో 8 శాతం.

ఈ వాలు ఎక్కేటప్పుడు ట్రక్కును లాగడానికి 820 కిలోల బలం కావాలి. కొక్కెం నేల నుండి 0.45 మీటరు ఎత్తున ఉంటే ఈ లాగుడు ముందు ఇరుసు నుండి 185 కిలోలు తగ్గిస్తుంది. కొక్కెంపై వాలిన బరువు మరో 140 కిలోలను, వాలు కారణంగా ట్రాక్టరు సొంత బరువు వెనక్కు మళ్ళడం మరో 100 కిలోలను తగ్గిస్తాయి. మిగిలేది 375 కిలోలు. స్టీరింగు అదుపులో ఉండాలంటే ట్రాక్టరు బరువులో కనీసం అయిదో వంతు ముందు ఇరుసుపై నిలవాలన్నది పలు చోట్ల అనుసరించే నియమం. మన ఉదాహరణలో అది 400 కిలోలు. అంటే కొక్కెం సరైన ఎత్తులో ఉన్నప్పటికీ మనం హద్దు అంచున ఉన్నాము.

అదే కొక్కేన్ని 0.9 మీటరు ఎత్తుకు మార్చితే లాగుడు వల్ల తగ్గే బరువు 185 నుండి 370 కిలోలకు పెరుగుతుంది. ముందు ఇరుసుపై మిగిలేది 190 కిలోలు మాత్రమే. ఈ స్థితిలో క్లచ్చి ఒక్కసారిగా వదిలినా, ట్రక్కు చక్రం బోదెలో తట్టుకున్నా ఆ 190 కిలోలు క్షణంలో హరించుకుపోయి ముందు చక్రాలు నేలను విడుస్తాయి. ముందు చక్రాలు లేచిన తరువాత ట్రాక్టరు వెనక్కు తిరగబడడానికి పట్టే కాలం సుమారు ఒకటిన్నర సెకను. అందులో సగం గడిచేసరికే తిరిగి రాలేని స్థితి ఏర్పడుతుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి క్లచ్చి తొక్కేలోపు ఆ వ్యవధి ముగిసిపోతుంది.

ముందు భాగంలో ఇనుప బరువులు తగిలిస్తే చాలదా అన్న ప్రశ్న తరచు ఎదురవుతుంది. ముందు ఇరుసుకు 0.6 మీటరు ముందు 100 కిలోలు తగిలిస్తే ముందు ఇరుసుపై 130 కిలోలు పెరుగుతాయి. కొక్కెం కింద ఉన్నప్పుడు ఇది 375ను 505కు చేర్చి భద్రత కల్పిస్తుంది. కొక్కెం పైన ఉన్నప్పుడు 190ను 320కి మాత్రమే చేర్చగలదు. అది హద్దుకు లోపలే ఆగిపోతుంది. కాబట్టి బరువులు కొక్కెం ఎత్తుకు ప్రత్యామ్నాయం కావు. పెద్ద టైర్ల వల్ల కొక్కెం 10 సెంటీమీటర్లు లేచినా ముందు ఇరుసు 41 కిలోలు కోల్పోతుంది.

ఇక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ పాత్రను గమనించాలి. ఇదే వాలుపై రెండు చక్రాల ట్రాక్టరు చక్రాలు జారి ఆగిపోవచ్చును. ఆ జారుడు డ్రైవరుకు ఒక హెచ్చరిక. ఫోర్ వీల్ డ్రైవ్ జారనివ్వక లాగుతూనే ఉంటుంది గనుక ఆ హెచ్చరిక అందదు.

ట్రక్కు వెనక్కు వాలితే

రెండు చక్రాల ట్రక్కు నేలకు సమాంతరంగా ఉండాలి. ట్రాక్టరు వైపు కొక్కెం 20 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తులో ఉంటే, ఇరుసుకు 3 మీటర్ల ముందు కొక్కెం గల ట్రక్కు 15కు 1 వంతున వెనక్కు వాలుతుంది. బస్తాల గురుత్వ కేంద్రం ఇరుసు కంటే 0.9 మీటరు ఎత్తున ఉంటే అది 6 సెంటీమీటర్లు వెనక్కు జరుగుతుంది. కొక్కెంపై బరువు 80 కిలోలు తగ్గుతుంది. దీనికి తోడు పది బస్తాలను ఇరుసుకు ఒక మీటరు వెనుకకు సర్దితే, ఇరుసుపైనే ఉంచినప్పటితో పోలిస్తే మరో 250 కిలోలు తగ్గుతాయి. అప్పుడు కొక్కెంపై మిగిలేది 70 కిలోలు. అటువంటి ట్రక్కు రోడ్డుపై వేగం పెరిగినప్పుడు పక్కలకు ఊగుతుంది. గతుకులో పడినప్పుడు కొక్కేన్ని పైకి ఎత్తి పిన్నును లాగివేయగలదు. బస్తాలను ఇరుసుకు ముందు కొంత ఎక్కువగా, అడుగు వరుస నిండిన తరువాతే పై వరుస వచ్చేటట్లు సర్దాలి. నాలుగు చక్రాల ట్రక్కులో కొక్కెంపై వాలే బరువు స్వల్పమే అయినప్పటికీ లాగుడు ఎత్తుకు సంబంధించిన లెక్కలో మార్పు ఉండదు.

గట్టు దిగేటప్పుడు

వర్షం వెలిసిన తరువాత నల్లరేగడి గట్టు లోపల గట్టిగా ఉండి పైన పలుచని జారుడు పొర ఏర్పడుతుంది. ఆ పొరపై ఘర్షణ గుణకం 0.2 అనుకుందాం. ఇదే బండి అదే వాలు దిగేటప్పుడు మొత్తం 6,000 కిలోలు కిందికి నెట్టే బలం 750 కిలోలు. ట్రక్కుకు బ్రేకులు లేవు. ఫోర్ వీల్ కలిపి ఉన్నందువల్ల ట్రాక్టరు నాలుగు చక్రాలూ నిరోధానికి తోడ్పడుతున్నాయని అనుకున్నా, వాటిపై ఉన్న 2,400 కిలోలకు లభించే పట్టు 480 కిలోలు. ట్రక్కు చక్రాల దొర్లుడు నిరోధం మరో 145. మొత్తం 625 కిలోలు. అది 750 కన్న తక్కువ. అంటే బ్రేకు ఎంత బలంగా తొక్కినా, ఎంత తక్కువ గేరు వేసినా ఈ బండి ఆగదు. వెనుక నుండి ట్రక్కు నెట్టడం వల్ల ట్రాక్టరు అడ్డం తిరిగి కాలువ వైపు మళ్ళుతుంది.

బస్తాలు సగానికి తగ్గిస్తే సరిపోతుందని భావించరాదు. అప్పుడు కిందికి నెట్టే బలం సుమారు 560 కిలోలు, లభించే నిరోధం సుమారు 540. అదే ట్రక్కు చక్రాలకు బ్రేకులు ఉంటే నిండు బరువుతోనే 1,200 కిలోల నిరోధం లభిస్తుంది. గట్టు దిగేటప్పుడు ప్రాణాన్ని కాపాడేది ట్రక్కు బ్రేకేనని ఈ అంకెలు తెలుపుతున్నాయి. ట్రక్కు ముందుకు నెట్టినప్పుడు ఆ నెట్టుడుతోనే బిగుసుకునే బ్రేకులు చిన్న ట్రక్కులకు అనువైనవి. బ్రేకులు లేని ట్రక్కును తడి గట్టుపై నుండి దింపకుండా ఆరే వరకు ఆగడమే శాస్త్రీయం.

రోడ్డుపై

పామర్రు నుండి గుడివాడ మీదుగా పోయే 165వ నంబరు జాతీయ రహదారిపై, బందరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా సాగే 216వ నంబరు రహదారిపై సమస్య వేరు. పొడి తారురోడ్డుపై బ్రేకులు లేని ట్రక్కుతో కూడిన పై ట్రాక్టరు 20 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి బ్రేకు పడిన తరువాత సుమారు 10 మీటర్లు కావాలి. 40 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 42 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లవుతుంది. పొలంలో విడివిడిగా వాడిన కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళను రోడ్డు ఎక్కే ముందు తప్పనిసరిగా కలిపి బిగించాలి. లేనిచో ఒక వైపు చక్రమే ఆగి, వెనుక ట్రక్కు ట్రాక్టరును పక్కకు తిప్పివేస్తుంది. పొడి తారురోడ్డుపై ఫోర్ వీల్‌ను విడదీయాలి. జారుడు దిగుళ్ళలో కలపాలి.

నేల, మినుము పైరు

వ్యవసాయ శాస్త్ర దృష్టితో చూస్తే తడి పొలంలో నిండు ట్రక్కు నడపడం మరో విధంగానూ నష్టదాయకం. చక్రాల గాళ్ళలో నేల అణగారి మినుము వేర్లకు గాలి అందదు. ఆ గాళ్ళలో నీరు నిలిస్తే మొలకలు కుళ్ళుతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నదన్న ధీమాతో పొలమంతా తిరిగితే నష్టం మరింత విస్తరిస్తుంది. ట్రక్కును గట్టి చోట నిలిపి, గొలుసు చక్రాల కోత యంత్రం ద్వారానే ధాన్యాన్ని అక్కడికి చేర్చడం వల్ల పైరు, ట్రక్కు రెండూ క్షేమంగా ఉంటాయి.

ట్రక్కు మనుషుల వాహనం కాదు

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లాలో కూలీలను తీసుకుపోతున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు మరణించారు. అదే సంవత్సరం జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలో ఇటువంటి ప్రమాదంలోనే పదిహేను మంది మరణించారు. అక్కడి కాలువ గట్లకు, దివిసీమ గట్లకు ఈ విషయంలో భేదం లేదు. నాట్ల కాలంలో కూలీలను, కోతల కాలంలో బస్తాల మీద హమాలీలను ఎక్కించుకునే అలవాటును విస్తరణ సిబ్బంది నిర్మొహమాటంగా ఖండించాలి. ట్రాక్టరు తిరగబడినా డ్రైవరును కాపాడే రక్షణ చట్రాన్ని కొత్త ట్రాక్టర్లకు 1959లోనే స్వీడన్ తప్పనిసరి చేసింది. ఆ చట్రం, సీటు బెల్టు కలిసి డ్రైవరును కాపాడగలవు. ట్రక్కులో కూర్చున్నవారిని కాపాడే సాధనం మాత్రం ఏదీ లేదు.

రైతులకు ఇవ్వదగిన సూచనలు

1. ట్రక్కును కింది డ్రాబారుకే తగిలించాలి. వెనుక ఇరుసు మధ్యభాగం కంటే ఎత్తున ఎన్నడూ తగిలించరాదు.
2. పిన్నుకు కింద చీల, అదనంగా భద్రతా గొలుసు ఉండాలి.
3. సమతలంపై ట్రక్కు తొట్టి నేలకు సమాంతరంగా ఉన్నదో లేదో బస్తాలు ఎక్కించిన తరువాత చూడాలి.
4. గట్టు ఎక్కడానికి, దిగడానికి ముందే తక్కువ గేరు వేయాలి. వాలు మధ్యలో గేరు మార్చరాదు, క్లచ్చి తొక్కరాదు.
5. కాలువ ఎంత లోతో గట్టు అంచు నుండి కనీసం అంత దూరంలో చక్రం ఉండాలి. అంత వెడల్పు లేని గట్టుపైకి నిండు ట్రక్కు తీసుకుపోరాదు.
6. మలుపులలో ట్రక్కు చక్రం లోపలి వైపునకు కోసుకుపోతుంది. వంతెనల వద్ద ఆ మేరకు వెడల్పుగా తిప్పాలి.
7. ట్రక్కు వెనుక ఎర్ర దీపాలు, మెరిసే రిఫ్లెక్టర్లు ఉండాలి. డిసెంబరు, జనవరి మంచులో ఇవి మరింత అవసరం.

క్షేత్రస్థాయిలో చేయదగిన పరీక్ష

ఈ లెక్కలను రైతుల ఎదుట నిరూపించడానికి ప్రత్యేక పరికరాలు అక్కరలేదు. బందరులోనో గుడివాడలోనో ఒక వేబ్రిడ్జి చాలు. మొదట ట్రాక్టరు ముందు చక్రాలను మాత్రమే వేబ్రిడ్జిపై నిలిపి తూచాలి. తరువాత నిండు ట్రక్కును తగిలించి అదే విధంగా తూచాలి. రెండింటి తేడాను ఇరుసుల మధ్య దూరంతో గుణించి, వెనుక ఇరుసు నుండి కొక్కెం వరకు గల దూరంతో భాగిస్తే కొక్కెంపై వాలిన బరువు తెలుస్తుంది. మన ఉదాహరణలో తేడా 140 కిలోలు. దానిని 2తో గుణించి 0.7తో భాగిస్తే 400 కిలోలు వస్తుంది. బస్తాలను ముందుకు, వెనుకకు మార్చి మళ్ళీ తూచినప్పుడు అంకె మారడాన్ని రైతు స్వయంగా చూస్తాడు. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల కోతలకు ముందు అక్టోబరులోనే ఈ ప్రదర్శన నిర్వహించవచ్చును. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వచ్చే విద్యార్థులు తమ గ్రామంలోని ప్రతి ట్రక్కు కొక్కెం ఎత్తు, బ్రేకుల స్థితి నమోదు చేస్తే, ఏ గట్టుపై ఏ ట్రక్కు ప్రమాదకరమో కోతలు మొదలయ్యే ముందే తెలుస్తుంది. ట్రాక్టరు ఎంపికలో అశ్వశక్తి గురించి, చోదన విధానం గురించి ఇచ్చే సలహాకు కొక్కెం ఎత్తు, ట్రక్కు బ్రేకు గురించిన సలహా కూడా జత కావడం అత్యవసరం.