రంగం ఎంత దూరం?

మన పెద్దలు దూరాన్ని క్రోసులతోను, ఆమడలతోను కొలిచినారు. ప్రయాణానికి పట్టే కాలాన్ని గడియలతోను, జాములతోను లెక్కించినారు. కాలినడకనో, ఎడ్లబండి మీదనో ప్రయాణం సాగినన్నాళ్లు ఆమడలు పెరిగితే జాములూ పెరిగేవి. విమానం వచ్చిన తరువాత ఆ పొత్తు చెడినది.

లండను నుంచి పారిసుకు ఆకాశమార్గాన సుమారు 340 కిలోమీటర్లు. విశాఖపట్నం నుంచి హైదరాబాదుకు సుమారు 510 కిలోమీటర్లు. దూరం ఒకటిన్నర రెట్లు. కాలంలో మాత్రం భేదం స్వల్పమే. విమానం నేల మీద కదలుటకు, పైకెగయుటకు, తిరిగి దిగుటకు పట్టే సమయం చిన్న ప్రయాణానికైనా, పెద్ద ప్రయాణానికైనా ఇంచుమించు ఒకటే కావడం ఇందుకు కారణం. బెజవాడ మీదుగా చుట్టి వెళ్లే రైలుకు అదే హైదరాబాదు సుమారు 700 కిలోమీటర్లు.

ఉపాధ్యాయులు తరగతిలో భూగోళం మీద ఒక దారం పట్టి చూపవచ్చును. విశాఖపట్నం నుంచి ఢిల్లీకి తిన్నగా సుమారు 1,360 కిలోమీటర్లు. ఆ దారాన్నే బంగాళాఖాతం మీదుగా తూర్పునకు త్రిప్పితే, దాని కొస ఇంచుమించు రంగూను నగరాన్ని తాకుతుంది. ఆ దూరం సుమారు 1,370. దేశ రాజధాని మనకెంత దూరమో, రంగూనూ అంతే దూరమన్నమాట!

మన ఉత్తరాంధ్రవాసులకు ఇది పుస్తకాల వలన తెలిసిన విషయం కాదు. వారి నోట రంగూను ‘రంగం’ అయినది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కి, వేలాదిమంది అక్కడి రేవులలోను, బియ్యపు మిల్లులలోను కూలికి వెళ్లినారు. పొలం ఎండిన పల్లెకు ఢిల్లీకంటె రంగమే దగ్గర.

మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం బలంతో క్షణాలలో హిమాలయం చేరినాడు. మంచుకు పసరు కరిగిపోగా, ఇల్లెంత దూరమో అప్పుడు తెలిసినది. రంగం వెళ్లినవారికీ అట్లే జరిగినది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించినవి. 1942 మార్చిలో నగరం వారి వశమైనది. ఓడలు దొరకనివారు ఆరకాను కొండల మీదుగానో, తమూ మీదుగా ఇంఫాలుకో నడిచినారు. ఆకలి, కలరా, మలేరియా దారి పొడుగునా వెంటాడినవి. చేరినవారికి వారాలు, నెలలు పట్టినవి, చేరనివారు అనేకులు. దారం కొలత అప్పుడూ 1,370 కిలోమీటర్లే!

1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత మరికొందరు తిరిగి వచ్చినారు. విశాఖలోని బర్మా క్యాంపు పేరు నేటికీ ఆ రాకను గుర్తుచేస్తున్నది.

విజయనగరం జిల్లా భోగాపురంలో విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. ఆకాశమార్గం మన పల్లెల గడపకు వస్తున్నదంటే సంతోషించవలసినదే. అయితే వెళ్లేదారి ఎంత త్వరగా సాగుతుందో అడిగినట్లే, తిరిగి వచ్చే దారి ఎవరికి, ఎంతకాలం తెరచి ఉంటుందో కూడా అడగవలెను.

విద్యార్థులారా! మీ ఇంటి పెద్దలను ఒక్క ప్రశ్న అడగండి: మన వంశంలో రంగం వెళ్లినవారెవరు, ఏ దారిన తిరిగివచ్చినారు? ఆ సమాధానాన్ని వ్రాసి ఉంచండి. అది ఏ పటంలోనూ దొరకని భూగోళపాఠం.