ఇల్లు వ్రాసి ఇచ్చే ముందు

క్రిందటి ఏడు దసరా వెళ్ళిన తరువాత ఒక పెద్దావిడ బరంపురములోని మా సంఘ కార్యాలయమునకు వచ్చినారు. వయస్సు 76 ఏండ్లు. విశాఖపట్నమునుంచి ఒక్కరే రైలెక్కి వచ్చినారు. చేతిసంచీలోనుంచి ఒక దస్తావేజు తీసి బల్లమీద పెట్టినారు. దస్తావేజు అంతా ఒడియాలో ఉన్నది. అడుగున ఆవిడ సంతకము మాత్రము తెలుగులో ఉన్నది.

"బాబూ, ఒడియా మాటాడతాను గాని చదవడం రాదు. ఇందులో నన్ను చూసుకొంటానని ఎక్కడైనా రాసి ఉన్నాదా?" అని అడిగినారు.

మేము మొదటినుంచి చివరివరకు చదివినాము. ఇంటి నాలుగు హద్దులు ఉన్నవి. కొలతలు ఉన్నవి. ప్రేమచేత కుమారునికి ఇచ్చుచున్నానని ఉన్నది. ఆవిడను చూడవలసినది ఎవరో మాత్రము లేదు. ఆ సంగతి చెప్పడానికి మాకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు.

భర్త పోయిన మరుసటి సంవత్సరమే ఆవిడ ఉన్న ఒక్క ఇల్లు కుమారుని పేర పెట్టినారు. కుమారుడు దుర్మార్గుడని మేము అనము. ఉద్యోగము హైదరాబాదులో. పిల్లల చదువులు, అప్పులు ఉన్నవి. ఇల్లు అద్దెకు ఇచ్చి తల్లిని విశాఖలో చెల్లెలి ఇంట దింపినాడు. నెలనెలా పంపుతానన్న డబ్బు రెండు నెలలు పంపి ఊరుకొన్నాడు. ఆవిడ కూతురికి భారమైనానని కుమిలిపోతున్నారు.

ఇది ఒక్క బరంపురము కథ కాదు. 1936లో ఒడిషా రాష్ట్రము ఏర్పడే వరకు గంజాం మదరాసు రాజధానిలో ఉండేది. నేడు మన ఇండ్లలో పెద్దలు చదివేది తెలుగు, కచేరీలో దస్తావేజు నడిచేది ఒడియా. బెంగుళూరులో అది కన్నడము, చెన్నైలో అరవము, సోలాపురములో మరాఠీ. మాట్లాడే భాష వేరు, చదివే లిపి వేరు. ఈ సందులోనే మన పెద్దలు మోసపోకపోయినా నష్టపోతున్నారు.

చట్టము ఏమి చెప్పుచున్నదో తెలుసుకొందాము. తలిదండ్రుల, వృద్ధుల పోషణకై 2007లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. 60 ఏండ్లు నిండిన భారత పౌరులందరూ దాని క్రింద వృద్ధులే. తలిదండ్రులకైతే ఆ వయస్సు నిబంధన కూడా లేదు. దానిలోని 23వ సెక్షను ఇట్లున్నది: ఒక వృద్ధుడు తన ఆస్తిని, తన కనీస అవసరాలు తీర్చవలెనన్న షరతుపై ఇతరులకు ఇచ్చి, పుచ్చుకొన్నవారు ఆ షరతు తప్పిన యెడల, ఆ బదిలీ మోసముచేతనో బలవంతముచేతనో జరిగినట్లు భావించి, ఇచ్చినవారు కోరితే ట్రిబ్యునలు దానిని రద్దు చేయవచ్చును.

ఇందులో ప్రాణమంతా "షరతు" అన్న మాటలో ఉన్నది. 2022 డిసెంబరు 6న సుప్రీంకోర్టు, అటువంటి షరతు ఉన్నట్లు చూపలేని చోట 23వ సెక్షను వర్తించదని తీర్పు చెప్పినది. మరల 2025 జనవరి 2న, మధ్యప్రదేశ్‌లో ఒక తల్లి కుమారునికి ఇచ్చిన దానపత్రము రద్దును అదే సుప్రీంకోర్టు నిలబెట్టి ఇల్లు తిరిగి ఇప్పించినది. ఈ చట్టము వృద్ధుల మేలు కోరి చేసినది గనుక ఉదారముగా చదవవలెనని చెప్పినది. అయితే ఆ తల్లి చేతిలో ఒక కాగితము ఉన్నది. జీవితాంతము చూసుకొంటానని కుమారుడు వ్రాసి ఇచ్చిన కాగితము అది. మన పెద్దావిడ చేతిలో అది లేదు. అంతే భేదము.

"కన్నబిడ్డ దగ్గర కాగితమేమిటి, సిగ్గుచేటు" అని మనవారు అంటారు. ఈ మాట మేమూ ఎన్నోసార్లు విన్నాము. ఆడపిల్ల పెండ్లికి లగ్నపత్రిక వ్రాసుకొంటాము. అప్పు ఇస్తే తమ్ముడి దగ్గరనైనా నోటు వ్రాయించుకొంటాము. అందులో అపనమ్మకము లేదు, మాట మరచిపోకుండా ఉండే ఏర్పాటు ఉన్నది. ఇల్లు వ్రాసి ఇచ్చే నాడు కుమారుడు మంచివాడే కావచ్చు. పదేండ్ల తరువాత అతని ఉద్యోగము, ఆరోగ్యము, సంసారము ఎట్లుండునో అతనికే తెలియదు.

కాబట్టి ఇవ్వదలచినవారు దస్తావేజులో ఈ అర్థము వచ్చునట్లు ఒక వాక్యము చేర్పించవలెను: "ఈ ఆస్తి పుచ్చుకొనువారు నా జీవితకాలమంతయు నాకు ఉండుటకు ఇల్లు, తిండి, బట్ట, వైద్యము, మంచాన పడినప్పుడు సేవకు మనిషిని ఏర్పాటు చేయవలెను. చేయని యెడల ఈ దస్తావేజు రద్దు కోరుటకు నాకు హక్కు గలదు." వ్రాసినది స్థానిక భాష అయితే, సంతకానికి ముందు పుచ్చుకొనేవారు కాని మరొకరిచేత తెలుగులో చదివించుకొని వినవలెను. అట్లు చదివి చెప్పినట్లు దస్తావేజులోనే వ్రాయించవలెను. ఒక నకలు దగ్గర ఉంచుకొనవలెను.

అసలు ఇప్పుడే ఇవ్వనక్కరలేదు. వీలునామా వ్రాసిన యెడల అది మనము పోయిన తరువాతనే అమలులోనికి వచ్చును. బ్రతికి ఉండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చును. ఇద్దరు సాక్షులు సంతకము చేస్తే చాలును, రిజిస్ట్రీ తప్పనిసరి కాదు. లేదా ఇల్లు ఇచ్చి, అందులో జీవితాంతము ఉండే హక్కు, అద్దె తీసుకొనే హక్కు తమకే నిలుపుకొనవచ్చును. దానపత్రము సంగతి వేరు. అది రిజిస్టరై పుచ్చుకొన్నవారు అంగీకరించిన తరువాత మనసు మారినంత మాత్రాన వెనుకకు రాదు.

ముసలితనపు ఖర్చు కూడా ముందే లెక్క వేసుకొనవలెను. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి వైద్యమునకు ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రారంభించినది. అది ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. ఇంట్లో మంచము దగ్గర ఉండే ఆయాకు జీతము అందులోనుంచి రాదు. దానికి సొంత డబ్బు కొంత, కనీసము ఒక డిపాజిటు, తమ పేరనే ఉంచుకొనవలెను. మరొక సంగతి. కుమారునికో కుమార్తెకో ముక్త్యారునామా ఇచ్చినాము గదా అని ధైర్యముగా ఉండేవారున్నారు. ఇచ్చినవారికి మతి చలించిన యెడల మన చట్టములో ఆ అధికారము ఆగిపోవును. మతిమరపు ముదిరిన తరువాత బ్యాంకులో డబ్బు చిక్కుకొని అవస్థపడిన ఇండ్లు మాకు తెలుసును. జ్ఞాపకము బాగున్నప్పుడే ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేటట్లు మార్చుకొనుట మేలు.

ఇప్పటికే షరతు లేకుండా వ్రాసి ఇచ్చినవారి గతి ఏమిటి? ఇల్లు రాకపోవచ్చును గాని పోషణ హక్కు పోదు. కొడుకు, కూతురు, వయస్సు వచ్చిన మనుమలు, అందరూ తలిదండ్రుల పోషణకు బాధ్యులే. బిడ్డలు లేనివారికి, వారి ఆస్తి అనుభవించుచున్న లేక ముందు అనుభవించబోవు వారసుడు బాధ్యుడు. ట్రిబ్యునలు ఒడిషాలో సబ్ కలెక్టరు దగ్గర, తమిళనాడులో ఆర్.డి.ఓ. దగ్గర, కర్ణాటకలో అసిస్టెంటు కమిషనరు దగ్గర ఉండును. నెలకు 10,000 రూపాయలకు మించకుండా భృతి నిర్ణయించవచ్చును. నోటీసు అందిన 90 దినములలో తేల్చవలెనని చట్టము. వృద్ధులే స్వయముగా అర్జీ పెట్టవచ్చును. దారి తెలియనివారు 14567 నంబరుకు ఫోను చేయవచ్చును.

మనబోటివారికి ఇందులో ఒక మేలు ఉన్నది. వృద్ధులు ఇప్పుడు ఉన్న జిల్లాలో గాని, చివరగా కాపురమున్న జిల్లాలో గాని, బిడ్డలు ఉన్న జిల్లాలో గాని అర్జీ పెట్టవచ్చును. ఆ పెద్దావిడకు బరంపురము, విశాఖ, హైదరాబాదు మూడూ చెల్లును.

"కన్నకొడుకు మీద కచేరీకెక్కుతానా?" అని ఆవిడ ఒక నెల తటపటాయించినారు. ట్రిబ్యునలు మొదట రాజీ అధికారికి పంపగలదని, అది కూర్చుని మాట్లాడుకొనే చోటేనని మేము చెప్పినాము. చివరకు విశాఖలోనే అర్జీ పెట్టినారు. ఆవిడ తన చేతులతో తెలుగులో వ్రాసిన అర్జీ అది. కుమారుడు వచ్చినాడు. తల ఎత్తలేదట. నెలకు 8,000 రూపాయలు పంపుటకు రాజీ వ్రాసుకొన్నారు. నాలుగు నెలలుగా వస్తున్నది. ఇల్లు మాత్రము రాలేదు.

మొన్న సంక్రాంతికి ఆవిడ మరల వచ్చినారు. వెళ్ళుతూ, "నాలాటివాళ్ళు ఇంకా ఉంటారు బాబూ, మీ పత్రికలో రాయండి" అన్నారు. వ్రాసినాము. ఈ నెల మీ ఇంట ఎవరైనా రిజిస్ట్రారు కచేరీకి బయలుదేరుచున్న యెడల, ఒక్క పూట ఆగి, పైన చెప్పిన వాక్యము కాగితములో ఉన్నదో లేదో చూడండి. చదవలేని లిపి అయితే మా కార్యాలయమునకు తీసుకొని రండి. చదివి వినిపించుటకు మేమున్నాము.