పడమటి కిటికీకి ఎండ తిరిగే వేళ

క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధన మెదక్ చర్చిలో అందుకోవాలంటే నాచారం, ఉప్పల్ వాళ్లు అర్ధరాత్రి దాటగానే ఇంటికి తాళం వేయాలి. హబ్సిగూడ చౌరస్తా, తార్నాక, సికింద్రాబాద్, ఆపైన నర్సాపూర్ అడవి. దాదాపు వంద కిలోమీటర్ల దారి. దుప్పట్లలో ముడుచుకున్న పిల్లల్ని లేపుకుంటూ చేరేసరికి 175 అడుగుల గోపురం దీపాలతో వెలుగుతూ ఉంటుంది. తీరా లోపలికెళ్లి, అందరూ గొప్పగా చెప్పుకునే రంగుటద్దాల కిటికీలకేసి తలెత్తితే కనబడేవి నల్లటి పలకలు. బొమ్మా లేదు, రంగూ లేదు.

పొద్దు పొడవాలి. గోడ మీది బొమ్మకైతే దీపం పెడితే చాలు, వెలుగు దాని మీద పడి మన కంటికి చేరుతుంది. అద్దపు బొమ్మకు అలా కుదరదు, వెలుగు దానిలోంచి దూరి రావాలి. అందుకే అదే కిటికీని పట్టపగలు బయట నిలబడి చూసినా మాసిన అద్దంలాగే ఉంటుంది.

ఈ రంగుటద్దాల విద్యకు పేరొచ్చింది ఫ్రాన్స్‌లో. 12వ శతాబ్దం దాకా అక్కడి చర్చిల్లో కప్పు బరువు చాలామటుకు గోడలే మోసేవి. గోడలు దళసరి, కిటికీలు చిన్నవి, లోపల చీకటి. కొనదేరిన కమానులు, కప్పు కింద రాతి పక్కటెముకలు, బయటినుంచి ఊతగా నిలిపిన రాతి కట్టడాలు వచ్చాక ఆ బరువు స్తంభాల మీదికి, ఊతల మీదికి మళ్లింది. గోడకు మోసే పని తగ్గింది. ఆ ఖాళీలో అద్దం వచ్చి కూర్చుంది. పారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠాధిపతి సూజేర్ 1144లో ఇలాంటి నిర్మాణాన్ని ప్రతిష్ఠ చేయించాడు. వెలుగు మనసును దేవుడి వైపు లేపుతుందని ఆయన గట్టిగా నమ్మాడు. ఆ పద్ధతికే తర్వాతి కాలం వాళ్లు గోథిక్ అని పేరు పెట్టారు.

1194లో కాలిపోయి మళ్లీ లేచిన షార్ట్ర్ చర్చిలో ఇలాంటి కిటికీలు సుమారు 170. వాటిలో చాలామటుకు 13వ శతాబ్దం నాటివే. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆ అద్దాలన్నీ ఊడదీసి దాచారు, యుద్ధం ముగిశాక మళ్లీ బిగించారు. వాటి అడుగు గళ్లలో రొట్టెలు కాల్చేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు తమ పనిలో ఉన్నట్టే కనిపిస్తారు. ఆ వృత్తులవాళ్లే చందాలు వేసుకుని చేయించారని చాలాకాలంగా చెబుతారు. మన గుళ్లో మెట్ల మీద దాతల పేర్లు చెక్కించినట్టన్నమాట.

చదువురాని వాళ్లకు బైబిలు కథ చెప్పడానికే ఈ బొమ్మలన్న మాట సగమే నిజం. పటం పరిచి కథ చెప్పడమంటే ఏమిటో చేర్యాల నకాషీ పటాలు తెలిసిన తెలంగాణకు వేరే చెప్పక్కర్లేదు. పటం పక్కన కథ చెప్పేవాడు ఉంటాడు, బొమ్మ చేతికందే దూరంలో ఉంటుంది. షార్ట్ర్‌లో పై గళ్లలోని బొమ్మలు కింద నిలబడ్డవాళ్ల కంటికి ఆనవు. అయినా అంత శ్రద్ధగా చేశారంటే కథ కంటే వెలుగు మీదే వాళ్ల మనసు ఎక్కువగా ఉండి ఉండాలి.

పనితనం మాత్రం బట్టీ దగ్గరిదే. ఇసుక, కట్టె బూడిద కలిపి కరిగిస్తే గాజు. అందులో కోబాల్ట్ పడితే నీలం, రాగి పడితే ఎరుపు, మాంగనీసు పడితే ఊదా. రాగి ఎరుపు మరీ చిక్కన, వెలుగును దాదాపు మింగేస్తుంది. అందుకని తెల్లగాజు మీద దాన్ని పల్చటి పొరగా ఎక్కించేవారు. ముక్కలు కోసి, ముఖాలూ బట్టల మడతలూ ముదురు రంగుతో గీసి, మళ్లీ బట్టీలో కాల్చి, సీసపు పట్టీలతో కలిపి బిగించేవారు. బొమ్మ చుట్టూ కనబడే నల్లగీత ఆ సీసమే.

మెదక్‌కు ఈ విద్య కరవు కాలంలో కట్టిన చర్చితో వచ్చింది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ తిండిలేని జనానికి పని చూపించి, కూలి ఇచ్చి దీన్ని కట్టించారు. పదేళ్ల పని తర్వాత 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మూడు కిటికీలూ లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీవి. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చిత్రపటం వేసిన ఈయన కుర్రతనంలో పని నేర్చింది అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలోనే. ఆరోహణం కిటికీ 1927లో, క్రీస్తు జననం 1947లో, శిలువ 1958లో వచ్చాయి. మొదటిది నిజాం పాలనలో బిగించారు. మూడోది వచ్చేనాటికి మెదక్ ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా.

ఏ కిటికీ ఏ దిక్కున ఉందో చూస్తే చూడాల్సిన వేళ తెలిసిపోతుంది. శిలువ తూర్పున, జననం పడమట, ఆరోహణం ఉత్తరాన బలిపీఠం వెనక. ఉత్తరపు కిటికీకి ఏడాదిలో చాలాభాగం నేరుగా ఎండ ఉండదు, ఆకాశపు వెలుగే దిక్కు. అందుకే దాని రంగులు పొద్దంతా నిలకడగా ఉంటాయి. షార్ట్ర్ ఉత్తర గోడకైతే నడిమధ్యాహ్నపు ఎండ ఎన్నడూ తగలదు. మెదక్ అంత ఉత్తరాన లేదు గనక మే రెండోవారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు.

క్రిస్మస్ ఉదయం ముందుగా ఎండ తగిలేది తూర్పుకు. అంటే పుట్టినరోజు పాటలు పాడుతున్న జనం ముందు మొదట రంగు తేలేది శిలువ. ఎదురుగా జననం కిటికీ మసక వెలుగులోనే ఉంటుంది. మధ్యాహ్నం దాటి ఎండ పడమటికి వాలితే గానీ దాని నిండు రంగు బయటపడదు. అప్పటికి నాచారం నుంచి వచ్చిన కుటుంబాలు చాలావరకు తిరుగుదారి పట్టి ఉంటాయి. పిల్లలు అలసిపోయినా సరే, భోజనాలు కానిచ్చి, నాలుగింటికి ఇంకోసారి లోపలికి తీసుకెళ్లి పడమటి వైపు నిలబెట్టాలి.